మధురనేలిన మంగమ్మ రాణి

మధుర రైలు స్టేషను ఎదుట ఉన్న మంగమ్మ సత్రం పేరు వినని తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో అరుదు. భార్యగా, తల్లిగా, అత్తగా, నాయనమ్మగా ఆ రాణి అనుభవించిన బంధాలే రాజ్యచరిత్రగా మారిన సంగతి మాత్రం ఎరిగినవారు కొద్దిమందే.

మంగమ్మ తుపాకుల లింగమ నాయకుని కుమార్తె. తిరుమల నాయకుని మనుమడైన చొక్కనాథ నాయకుడు ఆమె భర్త. ఆయన తంజావూరు విజయరాఘవ నాయకుని కుమార్తెను కోరి, తిరస్కారం పొంది, 1673లో ఆ రాజ్యంపై దండెత్తినాడు. విజయరాఘవుడు రణరంగంలో కూలినాడు. అంతఃపుర స్త్రీలు మందుగుండుకు ఆహుతి అయినారు. ఇంత జరిగినా తంజావూరు మధురకు దక్కలేదు. కొద్దికాలంలోనే అది మరాఠా ఏకోజీ వశమైనది. పెళ్ళిమాట పట్టింపుతో ఒక తెలుగు వంశం మరొక తెలుగు వంశాన్ని నిర్మూలించి, ఫలాన్ని అన్యుల చేతిలో పెట్టిన విచారకర ఘట్టమిది.

1682లో చొక్కనాథుడు మరణించినాడు. కుమారుడు రంగకృష్ణ ముద్దు వీరప్ప పసితనం వీడనివాడగుటచే మంగమ్మ సహగమనం చేయక అతనికి అండగా నిలిచినది. ఆ యువరాజు ధీరుడు, ఉదారుడు. అయినా 1689లో మశూచి అతనిని పొట్టన పెట్టుకొన్నది. అతని భార్య ముత్తమ్మ అప్పుడు నిండు గర్భిణి. భర్తతో పోవలెనన్న కోడలిని అత్తగారు ఎంతో బ్రతిమాలి ఆపినది. మగబిడ్డ కలిగిన కొద్ది దినాలకే ముత్తమ్మ కూడ కన్నుమూసినది. తల్లిదండ్రులు లేని ఆ శిశువే విజయరంగ చొక్కనాథుడు. మూడు నెలల పసికందుకు పట్టాభిషేకం జరిపించి, నాయనమ్మ తిరుచిరాపల్లి నుండి రాజ్యభారం వహించినది.

ఆనాటి పరిస్థితులు సామాన్యమైనవి కావు. 1693 ప్రాంతంలో మొగలు సేనాని జుల్ఫికర్ ఖాన్‌కు కప్పం చెల్లించి యుద్ధం తప్పించుకొన్నది. దీనిని పిరికితనమనేవారు ఆనాటి ఖజానా స్థితిని గమనింపరు. బాకీ ఎగవేసిన తిరువాన్కూరుపై మాత్రం దళవాయి నరసప్పయ్యను పంపి గెలిచినది. మైసూరు చిక్కదేవరాయలు కావేరికి అడ్డుకట్ట వేయగా దిగువ పొలాలు ఎండినవి. అంతవరకు పగవాడైన తంజావూరు శహాజీతో ఆమె చేతులు కలిపినది. సేనలు కదలకముందే వరద ఆ కట్టను తెంచివేసినది! 1702లో రామనాథపురంపై దండయాత్ర విఫలమై, నరసప్పయ్య మరణించినాడు.

బాటలు వేయించి, చెట్లు నాటించి, చలివేంద్రాలు, సత్రాలు నెలకొల్పినది. ఒకనాడు పరాకున ఎడమచేత తాంబూలం అందుకొన్న దోషానికి ప్రాయశ్చిత్తంగా ఈ పనులు చేసినదని జనం చెప్పుకొంటారు. క్రైస్తవ బోధకులను ఆదరించినది. 1701లో తిరుచిరాపల్లి దర్గాకు గ్రామాలు దానమిచ్చినది.

మనుమడు యుక్తవయస్కుడైన తరువాత, 1706 ప్రాంతంలో, ఆమె పాలన ముగిసినది. అధికారం వదలలేదన్న నిందతో ఆమెను బంధించి, కంటికి కనబడునంత దూరంలో అన్నముంచి, ఆకలితో మాడ్చి చంపినారని మధురలో తరతరాల కథ. దీనికి గట్టి ఆధారం లేదు. పసిగుడ్డుగా పెంచిన చేతులకు దక్కిన ప్రతిఫలం అదేనని నమ్మడానికి మనసు ఒప్పదు. అయినా ఆ కథ చెప్పని ముసలమ్మ మధురలో లేదు.

విజయరంగుడు తెలుగు వచనంలో శ్రీరంగ మాహాత్మ్యం రచించినాడు. సంతానం లేకయే మరణించగా, అతని భార్య మీనాక్షి చందా సాహెబును నమ్మి మోసపోయినది. 1736తో వంశం అంతరించినది. శ్రీరంగ దేవాలయంలో విజయరంగుడు తన కుటుంబంతో చేతులు జోడించి నిలిచిన విగ్రహాలు నేటికీ ఉన్నవి. నాయనమ్మను చూడవలెనంటే మధుర మీనాక్షి ఆలయపు ఊయల మండపంలోని వర్ణచిత్రాల వద్దకు వెళ్ళవలెను.