ఉద్యానవనపు వాద్యనాయకుడు

రంగులరాట్నము, బాణసంచా, తినుబండారములు గల విహారవనమున వాద్యగోష్ఠిని శ్రద్ధగా వినువారెవ్వరు? కోపెన్‌హేగనునందలి తివోలిలో జనము వినిరి. వినిపించినవాడు హాన్స్ క్రిస్టియన్ లుంబ్యె.

1810లో జన్మించిన ఈయన పదునాలుగవయేటనే సైనిక వాద్యబృందమున బాకా ఊదుచుండెను. 1829లో రాజధాని చేరి అశ్వదళమున వాద్యకారుడయ్యెను. 1839లో ఆస్ట్రియానుండి వచ్చిన బృందమొకటి స్ట్రాస్ నృత్యగీతములను వాయింపగా విని, మరుసటియేట తానే కచ్చేరీలు నడపసాగెను. 1843 ఆగస్టులో తివోలి తెరువబడగా దానికి సంగీతదర్శకుడయ్యెను.

కొలువుదీరిన సభను మెప్పించుట యొకయెత్తు. తిరుగాడు జనమును నిలుపుట వేఱొకయెత్తు. జనమెరిగిన చప్పుళ్లనే లుంబ్యె సంగీతముగా మలచెను. 1845 నాటి షాంపేను గాలప్‌లో సీసా బిరడా యెగురును. 1847 నాటి మఱియొక గాలప్‌లో పొగబండి మెల్లగా కదలి, పరుగిడి, ఆగును. వడిగల నృత్యగీతములే కదాయని తేలికగా చూచువారు కలరు. అందలి వాద్యముల కూర్పు ఏమాత్రము తేలిక కాదు.

తివోలిలోనే 1844లో బాలుర దళమొకటి వెలసెను. అందలి పిల్లలు నేడును చదువుకొనుచునే వాద్యములు నేర్చి, వనమున కవాతు చేయుదురు. 2015 నుండి బాలికలకును అందు ప్రవేశము లభించినది.

దాదాపు ముప్పదియేండ్లు జనమునకు వినిపించిన లుంబ్యెకు తుదకు వినికిడియే సన్నగిల్లెను. 1872లో పదవి వీడి, 1874లో కన్నుమూసెను.