మెట్రిక్ ప్రైవేటుగా కట్టిన దుర్గాబాయి

ఢిల్లీ మెట్రో పింక్ లైన్‌లో సౌత్ క్యాంపస్ స్టేషన్‌కి దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిన మా సీనియర్ ఒకాయన ఆ బోర్డు చూసి ఎవరో మరాఠీ ఆవిడ అనుకున్నాడట. కాదండీ, 1909 జూలై 15న మన రాజమండ్రిలో పుట్టిన మనిషి.

ఆవిడ గురించి మనందరికీ తెలిసిన కథ ఒకటే. 1923 కాకినాడ కాంగ్రెస్ అప్పుడు ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా ఉన్న పద్నాలుగేళ్ల పిల్ల, టికెట్టు లేదని నెహ్రూనే ఆపేసింది. స్కూల్లో వ్యాసరచన పోటీ పెడితే అందరం ఇదే రాసేవాళ్లం. నాకు మాత్రం ఆవిడ చదువుకున్న తీరే ఇంకా పెద్ద కథ అనిపిస్తుంది.

ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి వద్దని తేల్చేసుకుంటే తండ్రి, సోదరుడు అండగా నిలిచారు. ఇంగ్లీషు మీడియం మీద నిరసనతో పన్నెండేళ్లకే బడి మానేశారు. మానేసి ఊరుకున్నారా అంటే అదీ లేదు, హిందీ నేర్చుకుని ఆడపిల్లలకి హిందీ పాఠశాల పెట్టారు.

ఉప్పు సత్యాగ్రహం తర్వాత వరసగా జైళ్లు. మధురై జైల్లో హత్య కేసుల్లో శిక్ష పడిన ఆడవాళ్లని చూశారు. అక్షరం ముక్క రాదు, కోర్టులో తమ తరఫున ఏం చెప్పుకోవాలో కూడా తెలీదు. అలాంటివాళ్ల కోసం లా చదవాలని అక్కడే నిర్ణయించుకున్నారు. లా చదవాలంటే డిగ్రీ ఉండాలి, డిగ్రీకి ముందు మెట్రిక్ ఉండాలి. ఆవిడకి అది కూడా లేదు!

ఇరవై దాటిన వయసులో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్‌కి ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సీటు అడిగితే ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నారు. ఆవిడ పేపర్లో ప్రకటన ఇచ్చి, చదవాలనుకునే అమ్మాయిల్ని పోగేసి, హాస్టల్ తనే పెట్టేశారు. (మనమైతే గీజర్ పాడైతే వాట్సాప్ గ్రూపులో తిట్టుకుని ఊరుకుంటాం.) 1939లో బీఏ ఆనర్స్, 1942లో మద్రాసులో లా పూర్తయ్యాయి.

ఈ చదువు నడుస్తుండగానే, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. మైలాపూరులో దాని తొలినాళ్ల పని ఏంటో తెలుసా? తను గట్టెక్కిన ఆ బనారస్ మెట్రిక్‌కే తోటి ఆడవాళ్లని తయారు చేయడం.

రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం, 1953లో సి.డి. దేశ్‌ముఖ్‌తో పెళ్లి, 1975లో పద్మవిభూషణ్, ఇవన్నీ జీకే పుస్తకాల్లో దొరుకుతాయి. నేను ఆగేది 1958 దగ్గర. ఆ ఏడాది జాతీయ మహిళా విద్యా కమిటీకి ఆవిడ అధ్యక్షురాలు. అప్పుడే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ద్వారా, చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దవయసు ఆడవాళ్లకి కండెన్స్‌డ్ కోర్సులు పెట్టించారు. ఏళ్ల తరబడి సాగే బడి చదువుని కుదించి, తక్కువ కాలంలో పరీక్షకి కూర్చోబెట్టే పద్ధతి. మైలాపూరు ట్యూషనే ఈసారి దేశం మొత్తానికన్నమాట. పాసైన ఆవిడ టీచరు శిక్షణకో, నర్సు శిక్షణకో, గ్రామసేవిక పనికో వెళ్లొచ్చు. పిల్లల తల్లయినా సరే, మళ్లీ ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోనక్కర్లేదు.