పసుపు మచ్చ పిచ్చుక

చలికాలంలో ఆటోనగర్ నుంచి పిల్లలతో కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాకకు వెళితే గూడబాతుల గుంపులు కనువిందు చేస్తాయి. ఏ పక్షి ఏదో గుర్తుపట్టడం మన దేశానికి నేర్పిన మహనీయుడు సలీం అలీ. ఆయన కథ మన ఇళ్లలో చెప్పుకోదగ్గది.

1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించిన ఆయన పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారు. చిన్నప్పుడు గాలి తుపాకీతో కొట్టిన ఒక పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ కనిపించింది. ఇదేం పిట్ట, తినవచ్చా అని మామను అడిగారు. ఆయనకూ తెలియలేదు. విసుక్కోకుండా బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిట్ట పేరు చెప్పి, భద్రపరచిన పక్షులెన్నో చూపారు. ఆ రోజుతో బాలుడి దారి మారింది.

విశ్వవిద్యాలయ పట్టా లేకపోయినా 1930ల ఆరంభంలో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షులను నమోదు చేశారు. అడవుల్లో తోడుగా నిలిచిన భార్య తెహ్మీనా 1939లో మరణించినా పని ఆపలేదు. 1941లో భారత పక్షులపై పుస్తకం వెలువరించారు. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1987 జూన్ 20న కన్నుమూశారు.

పిల్లల ప్రశ్నకు జవాబు తెలియకపోతే తెలిసినవారి దగ్గరకు పంపుదాం. అదీ పెంపకమే.