రాజసభనుండి ప్రజాసభకు : కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు జీవితము

ఆంధ్రదేశమున గ్రంథములకు కొదవ యెన్నడును లేదు. రాజభాండారములయందును, మఠములయందును, పండితగృహములయందును తాళపత్రములు సమృద్ధిగా నుండెను. పురాణకాలక్షేపములందు పామరులకును శ్రవణభాగ్యము లభించుచుండెను. కాని చరిత్రము, ప్రకృతిశాస్త్రము, దేశాంతర వృత్తాంతము మున్నగువానిని తెలుగున చెప్పించి, వినగోరిన వారినెల్ల కూర్చుండబెట్టు స్థానము మాత్రము లేకుండెను. ఆ లోటును తీర్పబూనినవారిలో అగ్రగణ్యులు కీర్తిశేషులు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు. వారిని విజ్ఞానసర్వస్వకర్తగా స్మరించుట పరిపాటి. సభానిర్మాతగా వారిని పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరము మే 18వ తేదీన కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. శైశవముననే పితృవియోగము సంభవించెను. బాల్యము భువనగిరిలో గడచినది. పిమ్మట, తరువాతి కాలమున అబలాసచ్చరిత్ర రత్నమాలను రచించిన తమ యక్క భండారు అచ్చమాంబగారి యాదరమున నాగపురమున విద్యాభ్యాసము సాగినది. అచ్చట వారు మరాఠీభాషయందు రచనలు చేయునంతటి పాండిత్యము గడించిరి. మహారాష్ట్రమున 1875 నుండియే పుణ్యపురియందు వసంత వ్యాఖ్యానమాల నడచుచుండెను. స్వభాషలో చరిత్రరచన వికసించుచుండెను. తెలుగువారికిని అట్టి భాగ్య మబ్బవలెనను కోరిక వారి మనస్సున నాటుకొనుటకు ఆ పరిసరములు తోడ్పడినవనుట యుక్తము.

అనంతరము వారు మునగాల సంస్థానమున దివానుగా నుండిరి. ఆ పరగణా నిజాం రాజ్యముచే చుట్టబడియు కృష్ణామండలమునకు చేరియుండెను. ఈ స్థితి రెండు ప్రాంతముల తెలుగువారికిని వారిని సన్నిహితుల జేసినది. మునగాల రాజా నాయని వేంకట రంగారావు, రావిచెట్టు రంగారావు మున్నగు మిత్రులతో కూడి వారు 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. రావిచెట్టు రంగారావుగారి గృహమే దాని ప్రథమస్థానము. రాజ్యవ్యవహారమంతయు ఉర్దూలో జరుగుచున్న కాలమది. తెలుగు చదువు మిక్కిలి కృశించియుండెను. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికిందరాబాదున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయమును వెలసినవి.

మొదటి రెండు నిలయముల నామములు విచారింపదగినవి. నన్నయభట్టారకుడు భారతాంధ్రీకరణమునకు పూనినది రాజరాజనరేంద్రుని సభయందు. అష్టదిగ్గజములు శోభిల్లినవి కృష్ణరాయల సభయందు. గ్రంథాలయమునకు కవుల పేర్లను విడిచి సభాపతుల పేర్లుంచుటలో ఒక యౌచిత్యము కానవచ్చుచున్నది. రాజులు గతించిరి, సభ గతింపరాదు. రాజుచే పోషింపబడినది ఇక ప్రజలచే పోషింపబడవలెను.

ఇచట సంప్రదాయజ్ఞుల కొక శంక కలుగుట సహజము. వాక్యార్థసభయందు అధికారిభేదము కలదు. వ్యాకరణము నెఱుంగనివాడు శాస్త్రచర్చయందు కూర్చుండినను ఫలమేమి? అర్హత విచారింపక యెల్లరను ఆహ్వానించినచో విద్య పలుచబడదా? ఈ శంకకు లక్ష్మణరావుగారి జీవితమే సమాధానము. వారు విషయమును తేలికపఱుపలేదు. భాషను సుగమము గావించిరి. 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి ద్వారా చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను సరళమైన తెలుగున వెలువరింపజేసిరి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ఆ గ్రంథమాలలోనిదే. అధికారము పుట్టుకతో వచ్చునది కాదు, శ్రవణముచే సిద్ధించునది యని వారు కార్యరూపమున నిరూపించిరి. శ్రవణము పిమ్మటనే మననమను క్రమము మన శాస్త్రములకును సమ్మతమే గదా!

తెలుగున సభలో మాటాడుట యెంత దుష్కరమో 1921వ సంవత్సరము నవంబరున తేటపడినది. హైదరాబాదున జరిగిన సంఘసంస్కారసభలో ఆలంపల్లి వేంకట రామారావుగారు తెలుగున ప్రసంగింపగా సభ్యులు గేలి చేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘ ముద్భవించినది. గ్రంథాలయములను నెలకొల్పుట ఆ సంఘము ప్రధానకార్యములలో నొకటి యయ్యెను. ఇరువదియేండ్ల క్రిందట నాటిన విత్తునకు ఇది ఫలము.

అప్పటికి లక్ష్మణరావుగారు మదరాసున విజ్ఞానసర్వస్వ రచనయందు నిమగ్నులై యుండిరి. అకారాదిశబ్దములతో మూడు సంపుటములు వెలువడినవి. 1919లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు తనువు చాలించినది మదరాసునందలి వారి గృహముననే. 1923వ సంవత్సరము జూలై 12వ తేదీన, నలువదియాఱేండ్ల ప్రాయమున, సర్వస్వము పూర్తికాకమునుపే లక్ష్మణరావుగారును అస్తమించిరి. కాశీనాథుని నాగేశ్వరరావుగారు పిదప ఆ భారమును వహించిరి.

1908 నాటి మూసీ వఱదల పిమ్మట, ఈసీనదిపై 1927 నాటికి హిమాయత్ సాగరము నిర్మింపబడినది. జలమును నిలుపుట యొక ప్రయోజనము. నగరమున కందించుట రెండవది. తూము లేని తటాకమున నీరున్నను పొలము పండదు. గ్రంథాలయమునకు సభ యట్టి తూము. సుల్తాన్ బజారునందలి భాషానిలయము శతవర్షములు దాటియు నిలిచియున్నది. చదువరులు తగ్గుచున్నారని చింతించు గ్రంథాలయాధికారులు, బీరువాలను పెంచుటకు ముందు వక్తను పిలిచి, చాపలు పఱచి, తలుపులు తెఱచి చూతురుగాక. లక్ష్మణరావుగారికి తగిన స్మారకము అదియే.