విజ్ఞానేశ్వరుడు

ఇంటి యజమాని కన్నుమూసిన పండ్రెండు దినములు నిండకమునుపే చుట్టములు చావడిలో కూడి, పొలమెవరిది, బాకీ యెవరిది, విధవ గతియేమి యని వాదులాడుకొనుట పల్లెలలో ఎల్లరు నెఱిగినదే. అట్టివేళ పెద్దలు శాస్త్రజ్ఞుని యొద్దకును, కాలము మాఱిన పిదప వకీలు నొద్దకును పోయెడివారు. ఆ యిరువురును తుదకు విప్పిచూచిన గ్రంథ మొక్కటే, మితాక్షర. దానిని రచించినవాడు విజ్ఞానేశ్వరుడు.

ఈయన భారద్వాజ గోత్రుడు, పద్మనాభభట్టు కుమారుడు. కల్యాణి చాళుక్య ప్రభువగు ఆఱవ విక్రమాదిత్యుని కాలమున (1076–1126) వర్ధిల్లెను. ఆ కల్యాణియే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. మన ఆలంపురము, కొలనుపాక, కందూరు చోడుల పానుగల్లును నాడు ఆ ప్రభువు ఏలుబడిలోనివే. కావున విజ్ఞానేశ్వరుడు మనకు పరాయివాడు కాడు. తన నగరమును, తన రాజును, తన పాండిత్యమును సాటిలేనివని గ్రంథాంతమున తానే పొగడుకొనెను. అంతటి పని చేసినవాని కాపాటి గర్వము చెల్లును. విచిత్రమేమనగా ఆయన సన్న్యాసి. శాస్త్రము ననుసరించి సన్న్యాసికి పిత్రార్జితమున భాగము లేదు. తనకు పైసయు రాని ఆస్తిని గూర్చి పరుల భాగములను అంత నిక్కచ్చిగా లెక్కగట్టినవాడు ఆయన.

మితాక్షర యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్య. పేరున మితమే కాని గ్రంథము చిన్నది కాదు. అందు తండ్రి ఆస్తిని, బాకీని కొడుకులు సమముగా పంచుకొనవలెనని కలదు. తాతముత్తాతల ఆస్తిపై కొడుకునకు పుట్టుకతోనే స్వత్వము కలుగునని ఆయన సిద్ధాంతము. పుత్రహీనుడై, వేరుపడి చనిపోయినవాని సొత్తు భార్యకే చెందును. ఆస్తి స్వల్పమైననే ఆమెకు దక్కునని కొందఱు, నియోగమున కొడంబడిననే దక్కునని కొందఱు పూర్వులు వాదింపగా, ఆ రెండు వాదములను ఆయన ఖండించెను. కాని భర్త అన్నదమ్ములతో ఉమ్మడిగా నుండి మరణించినచో ఆమెకు గ్రాసవాసములే మిగులును. కావున ఒక విధవ బ్రదుకంతయు వేరుపాటు జరిగినదా లేదా యను ఒక్క ప్రశ్నపై నిలిచియుండెను. దానికి బంధువులు, సాక్షులు, పత్రము, వేర్వేరు ఇండ్లు, చేలు ప్రమాణములని శాస్త్రము. తెలిసినవాని సాయము ఇచ్చటనే కావలసివచ్చెడిది. పొరుగువారి జ్ఞాపకమును ప్రమాణముగా కూర్చుట తెలియని ఆడుదానికి సాధ్యమా?

తీర్పరులకును అందు శిక్ష కలదు. స్నేహము, లోభము, భయములచేత తప్పుడు తీర్పు చెప్పిన సభ్యుడు ఓడినవాని దండమునకు రెట్టింపు చెల్లింపవలెను. ప్రజలను దొంగలనుండి, అంతకు మిక్కిలిగా కాయస్థులనుండి రాజు కాపాడవలెనని స్మృతి చెప్పగా, కాయస్థులనగా లెక్కలు వ్రాయువారును, లేఖకులును అని విజ్ఞానేశ్వరుడు వివరించెను. కరణపు వృత్తివారికి ఈ మాట చేదుగానే యుండును, కాని అసత్యమనుటకు నోరు రాదు.

పదమూడవ శతాబ్దమున తిక్కన సమకాలికుడగు కేతన దీనిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. దాయభాగ ప్రకరణమును కోల్‌బ్రూకు దొర 1810లో ఇంగ్లీషున ప్రకటించెను. బ్రిటిషు కోర్టులలో శాస్త్రము చెప్పు పండితుల ఉద్యోగములు 1864లో రద్దయ్యెను, న్యాయవాదులు మాత్రము మితాక్షరను విడువలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము విధవకు, కూతునకు వారసత్వము నిచ్చియు ఉమ్మడి కుటుంబపు మితాక్షర పద్ధతిని నిలిపియుంచెను. పుట్టుకతో కొడుకునకు మాత్రమే విజ్ఞానేశ్వరుడు చెప్పిన ఆ స్వత్వము 2005 నాటి సవరణచే కూతునకును సంక్రమించెను.