పరిశోధనకు పెద్దపీట వేసిన సుబ్రహ్మణ్యం

సి.సుబ్రహ్మణ్యం 1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో ఆహార, వ్యవసాయ శాఖ చేపట్టేనాటికి దేశం అమెరికా గోధుమల కోసం ఎదురుచూస్తున్నది. ధాన్యం సమకూర్చడంతోనే ఆ శాఖ మంత్రికి పొద్దు గడిచేది. ఆయన మాత్రం పరిశోధనాలయాలపైనా దృష్టి సారించారు.

కోయంబత్తూరు జిల్లా పొల్లాచ్చి సమీపంలోని రైతు కుటుంబంలో 1910 జనవరి 30న జన్మించిన సుబ్రహ్మణ్యం మద్రాసులో భౌతికశాస్త్రం, అనంతరం న్యాయశాస్త్రం అభ్యసించారు. క్విట్ ఇండియా ఉద్యమంలో కారాగారవాసం అనుభవించారు. రాజ్యాంగ సభలో సభ్యులయ్యారు. 1952 నుంచి పదేళ్లు మద్రాసు రాష్ట్ర మంత్రిగా, ఆపై కేంద్ర ఉక్కు మంత్రిగా పనిచేశారు.

భారత వ్యవసాయ పరిశోధనా మండలి 1929లోనే ఏర్పడినా, దాని పగ్గాలు పరిపాలనాధికారుల చేతుల్లోనే ఉండేవి. పరిశోధన సంస్థలు వేర్వేరు కమిటీల అజమాయిషీలో చెల్లాచెదురుగా ఉండేవి. సుబ్రహ్మణ్యం వాటిని మండలి పరిధిలోకి తెచ్చారు. 1965లో గోధుమ వంగడాల శాస్త్రవేత్త బి.పి.పాల్ మండలి తొలి డైరెక్టర్ జనరల్‌గా నియమితులయ్యారు. అదే ఏడాది హైదరాబాద్ కేంద్రంగా అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకం ఆరంభమైంది. ఒకే వంగడాన్ని పలు రాష్ట్రాల నేలల్లో ఏకకాలంలో పరీక్షించే వీలు కలిగింది.

ఇంతలో కరవు వచ్చిపడింది. 1964-65లో 8.9 కోట్ల టన్నులున్న ఆహారధాన్యాల ఉత్పత్తి మరుసటి ఏడాది 7.2 కోట్ల టన్నులకు పడిపోయింది. నార్మన్ బోర్లాగ్ రూపొందించిన మెక్సికో పొట్టి గోధుమ విత్తనాలను భారీగా తెప్పించాలని సుబ్రహ్మణ్యం సంకల్పించారు. విదేశీ మారకద్రవ్యం కొరతగా ఉన్న కాలమది. ఎరువుల దిగుమతి భారం పెరుగుతుందని, లాభం పెద్ద రైతులకే దక్కుతుందని విమర్శలు చెలరేగాయి. ఆయన వెనుదీయలేదు. తన అధికార నివాసంలోని పచ్చికను దున్నించి ఆ గోధుమే చల్లించారు. 1966లో 18 వేల టన్నుల విత్తనం దిగుమతి అయింది.

ఫలితం అందేనాటికి ఆయన పదవిలో లేరు. 1967 ఎన్నికల్లో పరాజితులయ్యారు. 1964-65లో 1.23 కోట్ల టన్నులున్న గోధుమ దిగుబడి 1967-68లో 1.65 కోట్ల టన్నులు దాటింది. అయితే విమర్శకుల భయాలు పూర్తిగా నిరాధారం కాలేదు. తొలి లాభం నీటి వసతి గల పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లకే దక్కింది. మెట్ట పంటలు వెనుకబడ్డాయి.

అనంతర కాలంలో సుబ్రహ్మణ్యం కేంద్ర ఆర్థికమంత్రిగా, మహారాష్ట్ర గవర్నర్‌గా సేవలందించారు. 1998లో భారతరత్న పురస్కారం లభించింది. 2000 నవంబర్ 7న చెన్నైలో కన్నుమూశారు. పరిశోధనకు వెచ్చించిన సొమ్ము ఎన్నికల గడువులోగా చేతికందదని ఆయన జీవితమే చాటింది. అది వృథా పోదనీ ఆ గోధుమ చేలే రుజువు చేశాయి.