మట్టిలోంచి మందు తీసిన మన సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ గట్టెక్కడానికే మూడుసార్లు రాయాల్సి వచ్చింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కోటు వేసుకున్నందుకు ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. దాంతో ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టాతోనే సరిపెట్టుకున్నారు. స్ప్రూ అనే పేగు జబ్బు కొద్దిరోజుల తేడాతో ఇద్దరు సోదరులను పొట్టన పెట్టుకుంది. ఆ దుఃఖమే ఆయన్ను పరిశోధన వైపు నడిపించింది.

అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారారు. స్ప్రూకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని అక్కడే ఆయన బృందం తయారుచేసింది.

అప్పటికి పెన్సిలిన్ వచ్చినా చాలా గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాపై పనిచేసేది కాదు. వీటికి ఉండే అదనపు పైపొర ఎన్నో మందులను లోపలికి రానివ్వదు. స్ట్రెప్టోమైసిన్‌ను ఇంజెక్షన్‌గానే ఇవ్వాలి. అందుకే సుబ్బారావు బృందం రకరకాల మట్టి నమూనాలను జల్లెడ పట్టింది. మిస్సోరీ మట్టిలో దొరికిన బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. నోటితో వేసుకోగలిగే ఈ తొలి టెట్రాసైక్లిన్ రెండు రకాల బ్యాక్టీరియాపైనా పనిచేసింది. 1948లో దాన్ని ప్రకటించిన కొద్ది వారాలకే, ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు కన్నుమూశారు.

ఆయన పోయినా ఆ మందుల కుటుంబం పెరిగింది. మట్టిలో, నీటిలో ఉండే కొన్ని గ్రామ్ నెగెటివ్ క్రిములు అరుదుగా ప్రాణాల మీదకు తెస్తాయి. అవి కలిగించే జబ్బుల్లో మెలియాయిడోసిస్ ఒకటి. వర్షాకాలంలో, ముఖ్యంగా మధుమేహం ఉండి బురదలో పనిచేసేవారికి ముప్పు ఎక్కువ. చాలాసార్లు దీన్ని క్షయగా పొరబడతారు. మొదట కనీసం రెండు వారాలు సెఫ్టాజిడైమ్ లేదా మెరోపెనెమ్‌ను నరం ద్వారా ఇస్తారు. తర్వాత దాదాపు మూడు నెలలు కోట్రైమోక్సజోల్ మాత్రలు వాడాలి. అది పడనివారికి టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్ ఒక ప్రత్యామ్నాయం. ఆసుపత్రి రోగులను బాధించే స్టెనోట్రోఫోమోనాస్‌కు మెరోపెనెమ్ లొంగదు. దానిపై వాడే మందుల్లో లెడర్లీలోనే పుట్టిన మినోసైక్లిన్ కూడా ఉంది.

జ్వరం తగ్గకపోతే సొంతంగా యాంటీబయాటిక్ కొనుక్కోవద్దు. మధుమేహం ఉందని, పొలంలో పనిచేస్తున్నామని డాక్టర్‌కు చెప్పండి. వీలైతే మందు మొదలుపెట్టక ముందే రక్తం కల్చర్ పరీక్షకు ఇవ్వండి. కాస్త నయమైందని మధ్యలో మందు ఆపేస్తే మెలియాయిడోసిస్ తిరగబెట్టవచ్చు. సుబ్బారావు బృందం కష్టపడి సంపాదించి పెట్టిన మందులను జాగ్రత్తగా వాడుకోవడం మన చేతుల్లోనే ఉంది.